ఆండాళు కడుపునొప్పి

సూర్యాపేట, 12-2-1949

చిరంజీవి బద్రీనాథ్‌కు అమ్మ దీవెనలు.

నా దగ్గర చదువుకుంటున్న నీ కూతురు ఆండాళుకు నెలలో నాలుగుసార్లు కడుపునొప్పి వచ్చింది. దిష్టి తీశాను, తగ్గలేదు. "కడుపుల ఏం లేదమ్మా, పిల్ల దేనికో పరేషాన్ అయితున్నది" అన్నాడు డాక్టరు. నిన్న బడి నుంచి వస్తూనే, "బాపు కార్డు వచ్చిందా నాయనమ్మా? రాకుంటే అన్నం పెట్టు" అన్నది. తేదీలు సరిచూశాను. నాలుగుసార్లూ నీ కార్డు వచ్చిన రోజే నొప్పి. పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తానని నువ్వు రాసింది ఇంటిల్లిపాదీ వినేలా చదివింది నేనే. నీ రాతకు వస్తున్నదో, నా గొంతుకు వస్తున్నదో తెలియడం లేదు.

కోడలి దగ్గు తగ్గిందా? మిర్యాలగూడ మిల్లు నుంచి నూకలు పంపు.

పరీక్ష మాట ఎత్తకుండా, ఈసారి కార్డు ఆండాళు పేరునే రాయి. నేను చదవను, అదే చదువుకుంటుంది. పిల్లలకు ఆశీస్సులు.

మీ అమ్మ