ఉతకని రుమాలు

బహదూర్‌పురా,
1974, శ్రావణం

సౌభాగ్యవతి కళావతికి రాజన్న దీవించి రాసేది. నేను పాణంతోని మంచిగనే ఉన్న. వికారాబాదుల మీ అమ్మగారింట్ల నువ్వు, పిల్ల, మా అమ్మ సుతం సల్లగ ఉన్నరని తలుస్తున్న.

నీ ఉత్తరం అందింది. పిల్లకు దగ్గు తగ్గిందన్నవు, మనసు నిమ్మళమైంది. నల్లాల నీళ్ళు వస్తున్నయా అని అడిగినవు. పొద్దుగాల జరసేపు సన్నగ వస్తయి, ఒక్కన్నే గద, సరిపోతయి. పక్కింటి సక్కుబాయి కూర పంపిస్తనే ఉంది. ఆదివారం జైలుకు పోయి తమ్ముణ్ణి చూసొచ్చిన. భిక్షపతి కడుపునిండ తింటున్నడని అమ్మకు చెప్పు. గడ్డం పెరిగింది, గంతే. వకీలు అచ్యుతరామయ్య గారు కసురుతడు గని పని మీదనే ఉంటడు.

ఇక్కడిదాకనే అమ్మకు చదివి వినిపించు. తర్వాతది పొయ్యి కాడికి పోయి నువ్వొక్కదానివే చదువుకో.

కళావతీ, తమ్ముడు తింట లేడు. అంగీ లోపల మనిషి ఉన్నడా అన్నట్టు అయిండు.

"నువ్వు ఆ పోలీసు ల్యాబులనే నౌకరి చేస్తవు, మరిది అంగీ మీదిది మేక రక్తమని చెప్పనీకి ఇన్ని దినాలు ఏంది?" అని అడిగినవు. చెప్త. మా కాడ కుందేళ్ళకు మేక రక్తం సూదేస్తరు. కొన్ని వారాలకు వాటి సీరంకు, అంటే రక్తం గడ్డకట్టినంక మీద తేలే తేటకు, మేక రక్తాన్ని పట్టుకునే గుణం వస్తది. ఆ సీరం సన్నటి ట్యూబుల పోసి, మరకను నానబెట్టిన ఉప్పునీళ్ళు మెల్లగ దాని మీద నిలబెడితే, రెండూ తాకే కాడ తెల్లటి రింగు కడ్తది. మేక రక్తం సూదేసిన కుందేలు సీరం మీద కడితే మేకది, మనిషి రక్తం సూదేసిన కుందేలు సీరం మీద కడితే మనిషిది. ఎంత సీరానికి ఎంత రక్తం పడాల్నో, ఎంత పల్చన చేసినా రింగు కడ్తదో కొలిచేది నా పని. పెరుగు తోడేసినట్టే, లెక్క అటు తప్పినా ఇటు తప్పినా పేరది.

తమ్ముని అంగీ వచ్చిన దినం మా ల్యాబు పెద్ద ప్రకాశం సారు నన్ను ఆ బల్ల కాడికి రానియ్యలే. న్యాయమే. సీరం మాత్రం నేను కొలిచిందే. తలుపు కాడ నిలబడి చూసిన. మేక ట్యూబుల రింగు రాలే. మనిషి ట్యూబుల రాలే. చిక్కగ చేసి చూసిండ్రు, పల్చన చేసి చూసిండ్రు, దేంట్ల రాలే. సారు బయటికొచ్చి, "రాజన్నా, ఈ చొక్కా ఎవరైనా ఉడకబెట్టారా ఏంటి? ఉడికిన రక్తం దేనికీ పలకదయ్యా" అన్నడు.

మేకలమ్మే బీరయ్యను మూసీ ఒడ్డున ఎవరో పొడిచి సంపిండ్రని, ఆ పొద్దే మన తమ్మునికి ఆయనకు లొల్లి అయిందని తెల్వంగనే, పోలీసులు రాకముందే అమ్మ ఆ అంగీని కాగుల ఏసి సోడాతోని ఉడకబెట్టింది. మేకలు కోసే ఇంట్ల పుట్టి మేకలు కోసే ఇంటికొచ్చినామె. రక్తం మరకకు చన్నీళ్ళే పెట్టాలె, వేడినీళ్ళు పెడితే పట్టుకుంటదని మనకు నేర్పిందే ఆమె. కొడుకు మీది ఫికర్ల చెయ్యి తప్పింది. మరక పోలే, అదేం రక్తమో చెప్పే గుణమే పోయింది. పురానాపూల్ మాంసం కొట్ల మేకను కోసినప్పటి మరక అని తమ్ముడంటే, మరి ఉడకబెట్టుడు ఎందుకు అని పోలీసులంటున్నరు. ఈ మాట అమ్మ చెవిన పడొద్దు. పడితే బతకది.

ఇగ నీకు గూడ చెప్పని మాట. రింగులు రానప్పుడు నాకు ఏడుపు రావాలె గద. నిమ్మళమనిపించింది. మనిషి ట్యూబుల కడ్తదేమోనని అప్పటిదాక భయపడ్డ. సొంత తమ్ముణ్ణి నేను నమ్మలే. రాయనీకి సిగ్గైతుంది.

"మరిది రుమాలును అత్తమ్మ తల కింద పెట్టుకొని పండుకుంటుంది, నీచు వాసనొస్తుంది, గుంజుకొని ఉతకాల్నా?" అని అడిగినవు. ఉతకకు. చన్నీళ్ళు గూడ తాకనియ్యకు. ఆ దినం వాని భుజం మీద ఉన్నది అదే, దాని మీది మరక ఉడకలే. వకీలు దాన్ని కోర్టుల పెడ్తమన్నడు, కోర్టు నుంచే మా ల్యాబుకు వస్తది. అదీ లేకుంటే శిక్ష తప్పదన్నడు.

జైలుల ఈ సంగతి తమ్మునికి చెప్పిన. ఇనుప జాలీ దగ్గరికొచ్చి పట్టుకున్నడు. "అమ్మ దాన్ని ఇంక ఉతకలేదా అన్నా?" అన్నడు. గంతే. సంతోషంతోని అన్నడో, భయంతోని అన్నడో నాకు సమజ్ కాలే. మళ్ళ అడిగే ధైర్యం చాలలే.

అయినా ఆ రుమాలు తీస్కరా. మేక ట్యూబుల కడితే వాడు ఇంటికొస్తడు. మనిషి ట్యూబుల కడితే వాణ్ణి ఉరికంబం కాడికి తోలినోణ్ణి నేనే అయిత. పెట్టెల నా పాత రుమాలు ఉంది, దాని బదులు అది అమ్మ తల కింద పెట్టు. వాసన తేడా ఆమెకు తెలుస్తది. అడిగితే ఏం చెప్పాల్నో నాకు తోస్తలేదు.

ఇట్లు,
నీ పెనిమిటి
రాజన్న