జాడీలో ఎనిమోన్

తెనాలి,
జూన్ 4

చిరంజీవి భరద్వాజకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ సముద్రం క్షేమం. నేనూ క్షేమమే. అడగాలని నీకు తోచదు కనక నేనే చెప్పుకుంటున్నాను.

మేడ మీద అంత నీళ్ళ బరువు కుదరదని బాపట్లలో మీ ఇల్లుగలాయన అన్నాడని, ఆ అద్దాల తొట్టి తెచ్చి మా హాల్లో పెట్టి పోయావు. పోతూ పోతూ నాలుగు పేజీల జాగ్రత్తలు రాసిచ్చావు. ముప్పై నాలుగేళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పినదానికి, బ్యాంకులో క్యాషియరువి నువ్వు, "అమ్మమ్మా, ఎనిమోన్ పువ్వులా ఉంటుంది గానీ జంతువు" అని రాశావు! అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది ఈ కవర్లోనే పెట్టాను.

పక్కింటి ప్రశాంతి వచ్చి, "పగడాలు ఎర్రగా ఉండాలి కదా పిన్నిగారూ, ఇవి పచ్చగా ఉన్నాయేంటి? ఉంగరంలోకి పనికొస్తాయా?" అంది. "బతికున్న పగడాలమ్మా, వేలికి పెట్టుకుంటే వేలే తింటాయి" అన్నాను. మళ్ళీ రాలేదు. ఈ తొట్టి వల్ల ఇంతవరకు కలిగిన లాభం ఇదొక్కటే.

అన్నట్టు, ఈ ఎనిమోన్‌ని నీకు అమ్మింది రేపల్లె లూకా అని రాశావు. వాడు నా శిష్యుడే. ప్రాక్టికల్స్‌లో తప్పించింది కూడా నేనే. జాడీలో ఉన్న ఎనిమోన్‌ని గీయమంటే, రేకుల్లాంటి చేతులన్నీ విచ్చుకున్న చామంతిపువ్వు గీశాడు. "ఎదురుగా కనపడింది గీయి నాయనా, సొంత కవిత్వం వద్దు" అని సున్నా వేశాను. మళ్ళీ పరీక్షకే రాలేదు. అలాంటివాడి దగ్గర కొన్న సరుకు ఎలా ఉంటుందో నువ్వే చూస్తావు.

ఇట్లు,
నీ సముద్రానికి కాపలా మనిషి,
అమ్మమ్మ


బాపట్ల,
జూన్ 8

ప్రియమైన అమ్మమ్మకు నమస్కారాలు.

ఎర్రసిరా చూడగానే జ్వరం వచ్చినంత పనైంది. ఫోను ఎందుకు ఎత్తవు?

రెండే మాటలు. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పొయ్యి, ఉప్పునీళ్ళు కాదు. నీళ్ళే ఆవిరవుతాయి, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. లైటు రోజూ పది గంటలు వెలగాలి.

ఆ ఎనిమోన్‌ని ఆరేళ్ళుగా పెంచుతున్నాను అమ్మమ్మా. అది పోతే ఒక్కటే పోదు. కుళ్ళి నీళ్ళన్నీ విషమై, ఒక్క పూటలో చేపలూ పగడాలూ కూడా పోతాయి. ఏ కాస్త అనుమానం వచ్చినా లూకా అన్నకి కబురు పెట్టు. ఆయన మంచివాడు.

నీ
భరద్వాజ


తెనాలి,
జూన్ 12

చిరంజీవి భరద్వాజకు,

ఫోను సంగతి అడిగావు. నా కుడి చెవికి ఏమీ వినపడదు, ఎడమ చెవికి నీ నసుగుడు వినపడదు. ఉత్తరమైతే దిద్దుకోవచ్చు.

నీ ఉత్తరం అందేసరికే నేను వైద్యం మొదలుపెట్టాను. నీ మంచివాడు నీకు జబ్బు సరుకు అంటగట్టాడు. ఎనిమోన్ ఒళ్ళంతా ఉబ్బి పళ్ళెమంత అయింది. ప్రతి చేతి చివరా ఒక బొబ్బ! ఇదంతా ఆ దీపం వేడి అని తేల్చి, లైటు ఆర్పి, తొట్టి మీద దుప్పటి కప్పాను. ఐదు రోజులైంది. ఇప్పుడు బొబ్బలు అణిగాయి. చేతులు లోపలికి ముడుచుకుని, గోధుమరంగు ముద్దలా, అచ్చం మా కాలేజీ జాడీలో ఉన్నట్టు లక్షణంగా ఉంది. నీ పగడాలు కూడా బుద్ధిగా ముడుచుకున్నాయి.

ఎనిమోన్‌లో కాపురముండే నారింజ చేపలు రెండూ మూలకి చేరి నన్నే చూస్తున్నాయి. చూడనీ.

చదువంటే ఇదీ. లూకాకి కబురు పెట్టాలట!

ఇట్లు,
వైద్యురాలు,
అమ్మమ్మ


బాపట్ల,
జూన్ 15

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అవి బొబ్బలు కావు. ఆ జాతి బాగున్నప్పుడు అలాగే ఉంటుంది. దానికి వెలుతురే సగం తిండి. దుప్పటి తీసెయ్.

ఆడిట్ వల్ల సెలవు ఇవ్వలేదు. లూకా అన్న రేపల్లె నుంచి వచ్చాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. తలుపు తియ్యి. దయచేసి ఒక్కసారి ఆయన్ని మాట్లాడనివ్వు.

భరద్వాజ


తెనాలి,
జూన్ 29

ప్రియమైన భరద్వాజకు,

తలుపు తీశాను. జుట్టు నెరిసిన మనిషి, రెండు చేతుల్లో రెండు ఉప్పునీళ్ళ క్యాన్లు. "బాగున్నారా మేడమ్?" అన్నాడు. నీ ఉత్తరం చదివి కూడా నేను తగ్గలేదు. దుప్పటి ఎత్తి, "చూడు, ఎంత కుదురుగా ఉందో" అన్నాను.

"ఇది కుదురు కాదండి. చచ్చిపోయే ముందు ఇట్టా ఉంటది" అన్నాడు, నన్ను నొప్పించకుండా, మెల్లగా. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. "నోరు ఇంకా బిగించే ఉందండి. అది వదులైతే మనం చేసేదేం లేదు."

మొదటిరోజు గంట వెలుతురు, మర్నాడు రెండు గంటలు. రోజు విడిచి రోజు రేపల్లె నుంచి బస్సులో నీళ్ళు మోసుకొచ్చి కొంత కొంత మార్చాడు. నేను కాఫీ ఇచ్చాను, నోరు మూసుకున్నాను. రెండోది ఎంత కష్టమో నీకు తెలుసు.

తొమ్మిదోనాడు ఒక చెయ్యి బయటికొచ్చింది. పన్నెండోనాటికి మొత్తం విచ్చుకుంది, ప్రతి చివరా నీ బొబ్బతో సహా. చేపలు రెండూ వెళ్ళి అందులో పడుకున్నాయి. పగడాలు కూడా తేరుకున్నాయి. అప్పుడడిగాను, "ఆ రోజు పరీక్షలో ఆ పువ్వు ఎక్కడ చూసి గీశావు?"

"నిజాంపట్నం రేవులోనండి. మా నాన్న పడవ కట్టేచోట రాళ్ళకి ఉండేయి. నీళ్ళెక్కితే విచ్చుకునేయి. జాడీ మీద పేరు చదివి, పాపం ఇదీ అదే కదా అనుకున్నానండి."

ముప్పై నాలుగేళ్ళు, భరద్వాజా, ఫార్మలిన్‌లో ఊరిన శవాన్ని చూపించి ఎనిమోన్ ఇదీ అని చెప్పాను. బతికున్నదాన్ని చూడటం ఇదే మొదలు. చూసి, జబ్బు అనుకున్నాను. ఎర్రసిరాతో రాయాల్సిన మాట ఇది.

నిన్న తొట్టి ముందు కూర్చుని బొమ్మ గీశాను. భాగాలన్నిటికీ పేర్లు రాశాను. లూకాకిచ్చి, "దిద్దు" అన్నాను. వద్దండీ వద్దండీ అంటూనే ఎర్రపెన్ను తీసుకుని పదికి ఎనిమిది వేశాడు.

"రెండు ఎక్కడ పోయాయిరా?"

"రాయిని పట్టుకునే పాదం గీయలేదండి."

"అది రాతి పగులులో ఉంది. నాకు కనపడలేదు!"

"కనపడింది గీయాలాండి, ఉన్నది గీయాలాండి మేడమ్?"

ఇట్లు,
పదికి ఎనిమిది మార్కుల
అమ్మమ్మ