అవ్వ బొమ్మకు దండ

హోసూరు

చెల్లీ నళినీ,

నువ్వు గీసిన అవ్వ బొమ్మను మన ఊరి కళామందిరం ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగానే పెట్టారు. అందంగా ఉంటుందని ఎవరో దానికి గులాబీల దండ వేశారు. ఇంకేముంది, వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి దండం పెట్టడమే! ఒకాయనైతే, "ఎప్పుడు పోయిందమ్మా?" అని నన్ను ఓదార్చబోయాడు.

నా వెనకే ఉన్న అవ్వ, "నేనీడే ఉండాను కదప్పా!" అని అరిచింది. ఆ దండ లాగి, సగం తుంచి కొప్పులో పెట్టుకుంది.

అప్పటినుంచి రోజూ ఆ బొమ్మ కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఇంటికి రమ్మంటే, "మళ్లా ఎవురన్నా దండేస్తే, నళిని వచ్చి చూసి బెదురుకోదా?" అంటోంది.

కృష్ణగిరిలో ఎంత పనున్నా సరే, తొందరగా రా. పాపం, అవ్వకు నడుము పట్టేస్తోంది.

మీ అక్క