వేపమండల గుమ్మం

కోకాపేట,
ఆదివారం

ప్రియమైన ఉమా,

నిజాంపేట హాస్టల్లో అలిగినప్పుడల్లా దిండు కింద చీటీలు పెట్టుకునేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడు అలక లేకపోయినా అదే పని. ఫోన్ చేస్తే "పాప పడుకుంది" అని గుసగుసగా చెప్పి పెట్టేస్తావు. మెసేజ్ పెడితే ఒక బొటనవేలు పంపిస్తావు. అందుకే ఈ కాగితం. మీ ఇంట్లో పనిచేసే భూలక్ష్మి నేను రోజూ తిరిగే బస్తీలోనే ఉంటుందని తెలిశాక మనకు పోస్టుమ్యాన్ కూడా దొరికినట్టే.

మీ తెల్లాపూర్ గేటు వెనక, కొత్త టవర్లు కట్టే కూలీల రేకుల షెడ్లున్నాయి, చూశావా? ఎప్పుడు చూస్తావులే, నీ బాల్కనీ అటు తిరగదు. మా సర్వే అక్కడే. ఎంతమంది పిల్లలకు తట్టు వస్తోంది, ఎంతమందికి టీకా అందింది, అందనివాళ్లకు ఎందుకు అందలేదు, ఇదే మా పరిశోధన. డాక్టరు చదువు చదివి గుమ్మం గుమ్మం తిరగడమేందని మా అమ్మ దెప్పుతుంది. నాకు ఇదే ఇష్టం.

మా టీముకు నేను మొదట నేర్పింది మర్యాద. చెప్పులు బయట విడవాలి. మంచినీళ్లిస్తే తాగాలి. గుమ్మానికి వేపమండలు కట్టి ఉంటే లోపలికి వెళ్లకూడదు. అమ్మవారు పోసిన ఇంటి గడప బయటివాళ్లు తొక్కొద్దని మా నాయనమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది. అలాంటి ఇళ్లకు "తర్వాత రావాలి" అని రాసుకుని, వేప తీసేశాక వెళ్తాం. అందుకే బస్తీలో మమ్మల్ని చూసి ఎవరూ తలుపు మూసుకోరు.

ఇంతవరకు ఒక్క తట్టు కేసు లేదు. మా డైరెక్టరుగారు నేల మీద నిలవడం లేదు.

కావ్య బుగ్గ నా తరఫున కొరుకు.

నీ దిండు కింద దొంగ,
ప్రశాంతి

*

తెల్లాపూర్,
బుధవారం

ప్రియమైన ప్రశాంతీ,

బుగ్గ కొరకమంటావా? అత్తయ్యగారు చూస్తే నన్ను కొరుకుతారు. కావ్యకు ఎనిమిదో నెల వచ్చిన దగ్గర్నుంచీ మనవరాలి చుట్టూ ఆవిడ కట్టిన కోట ముందు మా గేటు సెక్యూరిటీ దిగదుడుపే.

ఇప్పుడు ఆ కోటలోకి ఒకతె దూరింది. భూలక్ష్మి కూతురు బుజ్జి. బస్తీలో పిల్లల్ని చూసే షెడ్డు మూసేశారట. తండ్రి వీరేశం పొద్దున్నే సెంట్రింగ్ పనికి వెళ్లిపోతాడు. ఇక నాలుగేళ్ల పిల్లను ఎక్కడ వదులుతుంది? వెంట తెచ్చుకుంటోంది. బుజ్జి కావ్య ముక్కు నొక్కి "పీం" అంటుంది, ఇది పగలబడి నవ్వుతుంది. మేమెవరం నొక్కినా నవ్వదు.

"ఆ పిల్లకి టీకాలు వేయించారో లేదో అడిగావా అమ్మా?" అన్నారు అత్తయ్యగారు. అడిగాను. "ఒక్కసారి ఏపిస్తె మస్తు జరమొచ్చిందమ్మా. మల్ల ఏపియ్యలే" అంది భూలక్ష్మి.

నాకు భయం పట్టుకుంది. కావ్యకు తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే అన్నారు పిల్లల డాక్టరు. చుట్టుపక్కల తట్టు ఉంటే మాత్రం ముందే ఒక డోసు వేద్దాం, లేకపోతే ఆగుదాం అన్నారు. ఉందో లేదో నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? రోహిత్‌ను అడిగితే "ప్రశాంతి ఎలా అంటే అలా" అంటాడు. నా మొగుడి దగ్గర నా మాటకు ఆ విలువ ఎప్పుడొస్తుందో!

డోసు వేయించనా, ఆగనా? బుజ్జిని రానివ్వనా, వద్దా?

నీ జవాబు కోసం గేటు వైపే చూస్తూ,
ఉమాశ్రీ

*

కోకాపేట,
శనివారం

ప్రియమైన పిరికి ఉమా,

జర ఊపిరి తీసుకో. లేదు. మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ "ఇప్పుడు పిల్లలెవరికైనా జ్వరం, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా" అని అడిగాం. ఎవరూ ఉన్నాయనలేదు.

వేప కట్టిన గుమ్మాలు మాత్రం ఈసారి చాలా కనబడుతున్నాయి. ఎండలు ముదురుతున్నాయి కదా, ఆటలమ్మ రోజులు. మనిద్దరికీ హాస్టల్లో పోసిందే! వార్డెన్ ఒకే గదిలో పడేసి గడియ పెట్టబట్టే కదా మనం స్నేహితులమయ్యాం. వేప తీసేశాక ఆ ఇళ్లకు వెళ్లి అడిగితే "తల్లి సల్లగ పోయిందమ్మా, ఇప్పుడేం లేదు" అంటున్నారు. లేదు అని రాసుకుంటున్నాం.

ముందు డోసు అక్కర్లేదు. తొమ్మిది నిండనివ్వు. బుజ్జిని రానివ్వు, ఆడుకోనివ్వు. దాని టీకా సంగతి భూలక్ష్మికి నేను నచ్చజెబుతాను. ఫికర్ చేయకు, నేనున్నాను.

మీ ఇంటి అసలు పెద్ద,
ప్రశాంతి

*

తెల్లాపూర్,
సోమవారం

ప్రియమైన ప్రశాంతీ,

ఈ ఉత్తరం పక్క ఫ్లాట్లో పనిచేసే లక్ష్మీదేవి తెస్తోంది. భూలక్ష్మి వారం దాటినా రావడం లేదు. వాళ్ల గుమ్మానికి వేపమండలు కట్టారట.

చివరిసారి వచ్చిన రోజు బుజ్జి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. ఎండలో ఆడి వచ్చిందనుకున్నాను. వెళ్లేటప్పుడు కావ్య ముఖం నిండా ముద్దులు పెట్టింది. తన చెప్పులు కూడా ఇక్కడే మర్చిపోయింది.

నిన్నటినుంచి కావ్య ఒళ్లు వెచ్చగా ఉంది. పళ్లొస్తున్నాయేమో అంటున్నారు అత్తయ్యగారు, కానీ ఆవిడ గొంతులోనే నమ్మకం లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వెలుతురు చూడలేక నా భుజంలో ముఖం దాచుకుంటోంది. "పీం" అంటే అసలు కదలడం లేదు.

నువ్వు లేదన్నావు కాబట్టి లేదు. ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. అయినా ఒక్కసారి బుజ్జిని చూసి రావే, నా కోసం.

భయపడుతున్న
ఉమ

*

కోకాపేట,
మంగళవారం

ప్రియమైన ఉమా,

ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. కావ్యను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని రోహిత్‌కు చెప్పాను. ఈపాటికి వెళ్లే ఉంటారు. మిగతాది నోటితో చెప్పే ధైర్యం లేదు. ఇది రాసి మీ గేటు దగ్గర ఇచ్చి వెళ్తాను.

ఇవాళ సాయంత్రం భూలక్ష్మి ఇంటికి వెళ్లాను. గుమ్మానికి వేపమండలు. అలవాటుగా బయటే నిలబడ్డాను. భూలక్ష్మి వచ్చి "పొక్కులు మాడినయమ్మా, ఆయితారం నీళ్లు పోస్తం, అమ్మోరు సల్లగ చూస్తది" అంది. లోపల బుజ్జి దగ్గుతోంది. సరే అని వచ్చేశాను.

సగం దారిలో ఆ దగ్గు మళ్లీ చెవిలో పడినట్టయింది. ఆటలమ్మకు అంత దగ్గు ఉండదు ఉమా. ఎర్రటి కళ్లు, కారే ముక్కు, ఆ దగ్గు, అవి తట్టువి. మా నాయనమ్మకు రెండూ అమ్మవారే. నాకు కాదు కదా!

వేప కట్టిన ఇల్లు ప్రతిదీ మేం వదిలేశాం. తీసేశాక వెళ్లి "ఇప్పుడు ఉందా" అని అడిగాం. ఇప్పుడు ఎందుకుంటుంది? జబ్బు ఉన్న ఇళ్లన్నీ వదిలేసి, జబ్బే లేదని రాసుకున్నాను. ఆ మాట నమ్మి నువ్వు డోసు ఆపావు. నా మర్యాద మంటగలవ.

అందరికన్నా ముందు నీకే చెబుతున్నాను. రేపు పొద్దున్నే డైరెక్టరుగారికి చెప్పి, టీమును, మందులను తీసుకుని ఆ గల్లీకి వెళ్తాను. కావ్యకు విటమిన్ ఎ చుక్కలు వేయమని డాక్టరును అడుగు. ఊపిరి వేగం చూస్తుండు. నన్ను తర్వాత తిట్టుకో.

నీ
ప్రశాంతి

*

తెల్లాపూర్,
ఆదివారం

ప్రియమైన ప్రశాంతీ,

"ప్రియమైన" అని రాయడానికి చాలాసేపు పట్టింది.

కావ్యను నిన్న ఇంటికి పంపించారు. ఊపిరితిత్తుల దాకా పాకింది, ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు డాక్టరు. నువ్వు ఫోన్ చేయబట్టే దక్కింది. నువ్వు లేదనబట్టే జబ్బు వచ్చింది. ఆస్పత్రి కుర్చీలో కూర్చుని నిన్ను తిట్టాను, దండమూ పెట్టాను.

ఇవాళ భూలక్ష్మి వచ్చింది. పనికి కాదు. బుజ్జి చెప్పుల కోసం. దానితోపాటు పెట్టడం మర్చిపోయారట. "ఎండల పాదాలు కాల్తయి గద, బిడ్డను పూడ్చిన కాడ పెట్టొస్త" అంది. మీ టీము ఆ గల్లీకి వచ్చి పిల్లలందరికీ మందులు, సూదులు వేసిందట. ఆ పొద్దు తెల్లారకముందే బుజ్జి పోయిందట. నీకు తెలిసే ఉంటుంది. నాకు రాయలేదేమే?

అత్తయ్యగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీ ఫోన్ వల్లే పాప దక్కిందని చెప్పారు. కావ్యను చూసి భూలక్ష్మి కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది. ఆ మాటలు అలాగే రాస్తున్నాను, నేనొక్కదాన్నీ మోయలేను.

"ప్రశాంతమ్మ ఆ దినం మా గడప దాక వచ్చిందమ్మా. లోపట నా బిడ్డ దగ్గుతనే ఉండె. ఏమనలే, మల్లిపోయింది. ఆడికెల్లి మీకు ఫోన్ జేసి పాపను దవాఖానకు తీస్కపొమ్మన్నదట. మీకు చెప్పిన మాట నాకెందుకు చెప్పలే? నేను ఆడనే ఉంటిని గద."

వేపమండలు ఉన్నాయని ఆగిందన్నాను.

"బిడ్డ పానం పోతదంటే ఆ మండలు నేనే గుంజి పారేద్దునమ్మా" అంది.

"అందరికన్నా ముందు నీకే" అని రాశావు. ఆస్పత్రిలో అది చదివి, నీకు నేనంటే ఎంత ప్రేమో అని ఏడ్చాను. ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు ఆగిపోతున్నాయి. ఆ రోజు నాకూ బుజ్జి గుర్తు రాలేదు ప్రశాంతీ. నా పిల్లను ఎత్తుకుని పరిగెత్తాను. మా కారు వాళ్ల గల్లీ మొగ దాటుకునే వెళ్లింది.

భూలక్ష్మికి జవాబు నువ్వే చెప్పాలి. నువ్వు వెళ్లు. కావాలంటే నేనూ వస్తాను. వాళ్ల గుమ్మానికి ఇప్పుడేమీ కట్టి లేదు, లోపలికి వెళ్లొచ్చు.

ఉమ