తలకిందులుగా కట్టిన బొమ్మ

కోకురా, 1945 జూలై 24

తోమి మళ్ళీ ఏడ్చింది. పదకొండేళ్ళొచ్చాయి, సిగ్గు లేదు. ఆయుధాల ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఇది, ఇవాళో రేపో బాంబులు పడక మానవు. అందుకే నాగసాకిలో మా ఆడపడుచు షిగే దగ్గరికి పంపేస్తున్నాను. అత్తగారు ఊరుకుంటుందా. పిల్లని తోలేసి తిండి మిగుల్చుకుంటున్నావా అంది. అవును, మిగిలింది మీకే పెడతా, పళ్ళు ఊడినా నోరు బాగానే ఆడుతోందిగా అన్నాను.

జూలై 26

తోమిని రైలెక్కించాను. చెయ్యి వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.

పొద్దున్నే చూరుకి గుడ్డబొమ్మ కట్టింది. నిటారుగా కడితే ఎండ, తలకిందులుగా కడితే మబ్బు. మా దేశంలో పిల్లలందరికీ తెలిసిందే. ఇది తలకిందులుగా కట్టింది. మబ్బు పడితే విమానాలకి మనిల్లు కనపడదమ్మా అంది. మాట వింటే బొమ్మకి సారా పొయ్యాలి, వినకపోతే తల కోసెయ్యాలి, మర్చిపోకు అని కిటికీలోంచి కూడా చెప్పింది.

ఆగస్టు 1

ఎండ.

ఆగస్టు 5

తోమి ఉత్తరం. ఇక్కడా రేవు దగ్గర బాంబులు పడ్డాయమ్మా, ఒక్క మాట రాయి, నేనే రైలెక్కి వచ్చేస్తా అని. ఇంటి మీద బెంగ, దానికో సాకు. రాశాను: ఇక్కడికొస్తే చస్తావు, నోరు మూసుకుని అక్కడే పడుండు.

ఆగస్టు 8

పక్కనున్న యహతా తగలబడుతోంది. ఊరంతా పొగ. నువ్వు చేసిందే మంచిపని అంది అత్తగారు, మొట్టమొదటిసారి. గర్వంగా అనిపించింది.

ఆగస్టు 9, మధ్యాహ్నం

పొగా మబ్బూ కలిసి కప్పేశాయి. పదిన్నర దాటాక సైరన్. ఇద్దరం కందకంలో దూరాం. పెద్ద విమానం మోత ఊరి మీదుగా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మూడోసారీ వచ్చింది. ఏదో పారేసుకున్నట్టు వెతికి వెళ్ళిపోయింది.

అత్తగారు దాచుకున్న బుడ్డిలోంచి బొమ్మకి సారా పోశాను. ఇంకెవరి నెత్తిన వేస్తారో, మనకెందుకు అందావిడ. మనకెందుకు అన్నాను నేనూ. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 21

నాగసాకి వెళ్ళొచ్చాను. ఆ ఇల్లు లేదు, ఆ వీధీ లేదు. షిగే ఆ పొద్దున కొండ మీద చిలగడదుంపలు తవ్వడానికి పోయి బతికింది. నా మొహం చూడకుండా చెప్పింది. చెప్పకుండా పారిపోదామని పిల్ల ముందురోజే మూట కట్టుకుందట. తొమ్మిదో తారీకు పొద్దున నా ఉత్తరం వచ్చింది. చదివి మూట విప్పేసుకుందట.

1946 మార్చి 3

రేషన్ వరసలో ఒకతను చెప్పాడు. అమెరికా వాళ్ళ దగ్గర దుబాసీగా చేస్తున్నాడు. ఆ బాంబు మన కోకురాకేనట. మబ్బుకి ఊరు కనపడక నాగసాకికి పట్టుకుపోయారట. మనం పెట్టిపుట్టాం అన్నాడు. వరసలో అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

మార్చి 4

కత్తెర తీసుకుని చూరు కిందకి వెళ్ళాను. మాట విన్న బొమ్మ తల కొయ్యకూడదు. సారా పోసి వచ్చాను.