కిటికీకి తడి చున్నీ

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మన ల్యాబ్‌కు ఒక కాలేయం ముక్క వచ్చింది. అందులో కొవ్వు ఎంతుందో చూడాలి. మామూలుగా చేసేలా మైనంలో పెడితే కొవ్వు కరిగిపోతుంది కనుక ముక్కను గడ్డకట్టించి, పలచగా కోసి, ఎర్ర రంగు వేయాలి. నీకిష్టమైన పని.

కొత్తగా చేరిన మమతకు అప్పగించాను. పక్కనున్న కనేరి వాడలో పవర్‌లూమ్ సాంచల, ఆ మరమగ్గాల నుంచి ఎగిరొచ్చే దూది నూగు స్లైడు మీద పడకుండా, రంగు వడకట్టే ముందు కిటికీకి తడి చున్నీ కట్టింది, అచ్చం నీలాగే. నీ దగ్గర నేర్చుకుని నేను నేర్పిందే. కొవ్వు కుంకుమ చుక్కల్లా తేలింది. డాక్టరమ్మ మైక్రోస్కోపు నుంచి తలెత్తి, "అచ్చం సుజాత చెయ్యే!" అంది.

పదేళ్లు నీ పక్కనే కూర్చుని రంగులు వేశాను. నన్నెవరూ ఆ మాట అనలేదు. చచ్చి కూడా పేరు నువ్వే కొట్టేశావు. కడుపు మండిపోయింది.

చేతులు కడుక్కుంటూ మమత అడిగింది: "అక్కా, గీ తడి చున్నీ ఉపాయం సుజాతక్కదేనా?"

"కాదు. ఆమెకు నేనే నేర్పిన" అన్నాను.

పచ్చి అబద్ధం. కోపమొస్తే వచ్చి చెప్పు. నీ కుర్చీలో ఇంకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.