తలుపు దగ్గర నాన్న

శుక్రవారం, రాత్రి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ బంద్. సాయంత్రం ఎవరో తలుపు దబదబా బాదారు. లక్ష్మి మా పాపను ఎత్తుకుని, నాతో "ఆంధ్రావాళ్ల ఇల్లని వచ్చారేమోనండీ" అంది. నాన్న మమ్మల్ని వెనక గదిలోకి పొమ్మని, ఒక్కరే తలుపు దగ్గరికి వెళ్లారు.

"పై గడియ తీస్తున్నాను," అని గట్టిగా అన్నారు. "ఇప్పుడు కింద గడియ. తలుపు ఎడమ చేత్తో లాగుతున్నాను."

ఇంట్లో ఆయన అలా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. యుద్ధంలో, నేవీ తరఫున రేవులో పేలని బాంబులు విప్పినందుకు ఆయనకు పతకం ఇచ్చారు. అది బీరువాలో ఎక్కడో ఉంది. బాంబు దగ్గర ఒక్కడే ఉండాలి, చేసే ప్రతి పనీ దూరంగా ఉన్నవాళ్లకు ఫోన్‌లో పైకి చెబుతుండాలట. పేలిపోతే, ఏం చేయకూడదో తర్వాత వచ్చేవాడికి తెలియాలి కదా.

బయట పక్కింటి యాదగిరి, చేతిలో పాల ప్యాకెట్లు.

"కరెంటు లేదు, బెల్లు మోగుతలేదు. దుకాన్లన్నీ బందున్నయ్, పాపకు పాలెట్లని తెచ్చిన. ఎవరితోని మాట్లాడుతున్నరు సార్?"

నాన్న నవ్వి పాలు అందుకున్నారు.

యాదగిరికి నేనింకా థాంక్స్ కూడా చెప్పలేదు. వెనక గదిలోంచి రాలేకపోయాను. నాన్న ఎవరికి చెబుతున్నారో నాకు తెలుసు. ఆ తలుపు దగ్గరికి తర్వాత వెళ్లాల్సింది నేనే.